నోట ఎత్తని కాన్పు

"ఫోన్ల చెప్పరాని ముచ్చటేంది అమ్మమ్మా? పొద్దు పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం దాకా వచ్చినవ్!"

కూసో బిడ్డా, ముందుగాల నువ్వు కూసో. నీళ్ళు నేనే ముంచుకుంట, బిందె నువ్వు ముట్టకు. నాలుగో నెల. బరువు లేపొద్దన్నదట గద మీ డాక్టరమ్మ, మీ అమ్మ చెప్పింది. ఇగో, గోంగూర తెచ్చిన, మన చెల్కలదే, ఒలుసుకుంట చెప్త. చేతిల పని లేకుంటే నాకు మాట రాదు, నీకెరికే గద. ఇయ్యాల అయితే అసలే రాదు.

మొన్న ఫోన్ల నన్ను ఏమడిగినవ్ స్వప్నా? "అమ్మమ్మా, మేడం కాయితం నింపుతున్నది, అమ్మ దిక్కు ఎవరికన్నా నెలలు నిండకుండ కాన్పులైనయా అని అడిగింది, నీకు అన్నీ యాదికుంటయి, చెప్పు" అన్నవ్. నేనేమన్న? "ఎవ్వరికి లేదు బిడ్డా, మన ఇంట్ల గట్లాంటియి లేవు" అన్న. ఎంత జల్దీ అన్న చూడు! ఆలోచన చేసి చెప్పిన మాట కాదది. నాలుక మీద తయారుగ ఉన్న మాట. ఫోన్ పెట్టేసిన, దేవుని ముందట దీపం పెడదామని పోయిన. అగ్గిపుల్ల గీసుడు, ఆరిపోవుడు. మూడు పుల్లలు ఆరిపోయినయి. గాలి లేదు ఏం లేదు. నాలుగోది గీయలె, దీపం పెట్టకుండనే లేచిన. నాలుగు దినాలు గట్లనే తిరిగిన. రేపు మల్ల నువ్వు దవాఖానకు పోతవని యాదికొచ్చింది. ఇగ ఉండలేక బస్సెక్కిన.

బస్సు కిరాయి అడగకు, ఇప్పుడు ఆడోళ్ళకు ఊరికెనేనాయె. నా పెండ్లి అయిన కొత్తల జూలూరుపాడు నుంచి ఖమ్మం రావాలంటే మీ తాత ముందు రోజు నుంచే చిల్లర లెక్క పెట్టుకునేటోడు. అదొక ముచ్చట. దాంట్లకు పోతే ఇది చెప్పకుండ తప్పించుకుంట. ఇన్నేండ్లు గట్లనే తప్పించుకున్న.

మీ మేనమామ నాగేశు పెండ్లాం సుజాత సంగతి నీకు సగమే తెలుసు. మన వైదేహి నెలలు నిండకుండ పుట్టిందని తెలుసు, కండ్లకు గాజు సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకుంటదని తెలుసు. వైదేహి కన్నా ముందు ఒకడున్నడని తెలుసా నీకు? తెల్వదు. నువ్వప్పుడు హాస్టల్ల చదువుకుంటున్నవ్. మీ అమ్మకు తెలుసు గాని నేను చెప్పొద్దన్న, ఆమె చెప్పలె. నేను వద్దంటే ఈ ఇంట్ల ఎవ్వరూ చెప్పరు. అదే నాకు గొప్ప అనుకున్న అప్పుడు.

సుజాత కాపురానికొచ్చిన ఏడాదికే కడుపుతో ఉన్నది. పత్తి ఏరే దినాలు. అంటే, పత్తి ఏరుడుకు ఆమెను నేను పంపలె, అది అబద్ధం ఆడను. ఇంటి పట్టునే ఉన్నది. ఏడో నెల పడ్డంక నడుం గుంజుతున్నదన్నది. "అందరికీ గుంజుతది" అన్న. రెండు దినాలకు కాన్పయింది. మగపిల్లగాడు. నా అరచేయి నుంచి, ఇగో గింత, మోచేయి దాకా వచ్చిండు, అంతే. ఏడో నెలోళ్ళు బతుకుతరు, ఎనిమిదో నెలోళ్ళు బతకరు అంటరు గద పెద్దలు. నేను గదే పట్టుకొని కూసున్న. నాలుగు దినాలున్నడు. ఐదో దినం పొద్దుగాల చెల్క గట్టు మీద మోదుగ చెట్టు కాడ మీ మామ ఒక్కడే పోయి... పోనీ.

సుజాతకు పాలు పడ్డయి. తాగెటోడు లేడు, పాలు మాత్రం పడ్డయి. మల్లెపూలు కడితే పాలు ఇంకుతయంటరు. నేనే రెండు మూరలు తెచ్చి, రవికె లోపల కట్టిన. అది ఏడ్వలె. "అత్తమ్మా, వాసన ఎక్కువున్నది, కిటికీ తెరువుండ్రి" అన్నది. గంతే. ఆ దినం నుంచి మా ఇంట్ల రామయ్యకు మల్లెపూలు పెట్టను నేను. చామంతులు పెడత, గన్నేరు పెడత. మల్లెలు చేతికి రావు.

మన దిక్కు ఒక మాటున్నది బిడ్డా. ఇరవై ఒకటో దినం స్నానం చేసి తొట్టెల వేస్తేనే బిడ్డ ఇంటోళ్ళల్ల లెక్క. అంతకు ముందు పోతే లెక్కల రాదు. పేరుండదు, ఏడుపుండదు, యాది చేసుకునుడుండదు. యాది చేసుకుంటే ఆ పోయినోడు తోవ తప్పి వచ్చి, మల్ల పుట్టేటోళ్ళను ఎంట తీస్కపోతడంటరు. ఎవరు చెప్పిన్రంటే మా అత్త చెప్పింది. మా అత్తకు ఎవరు చెప్పిన్రో! ఈ ఇంటి ముచ్చట్లన్నీ నా దగ్గరే ఉన్నయి గద. ఎవరు ఏ వానల పుట్టిన్రు, ఏ కరువుల పోయిన్రు, మీ ముత్తాత పెండ్లిల ఎన్ని బండ్లు వచ్చినయి, అన్నీ చెప్త. పెండ్లిళ్ళ కాడ నన్ను కూసోబెట్టి రాసుకుంటరు. ఒక్క పోయిన పసోళ్ళనే ఎప్పుడూ చెప్పలె. ఎవరూ అడగలె, నేను చెప్పలె.

మల్ల సంవత్సరం తిరిగినంక నేను భద్రాచలం పోయిన. గోదాట్ల మునిగి, తడి బట్టల మీదనే పసుపు గుడ్డల రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టిన. ఏమని మొక్కిన్నంటే, "రామయ్యా, ఆ పిల్లకు మల్ల కడుపు పండాలె. పండినంక, బిడ్డ చేతికొచ్చేదాకా ఆ పోయినోని మాట ఈ ఇంట్ల ఎవ్వరం నోట ఎత్తం. బిడ్డను తీస్కొచ్చి నీ ముందట ముడుపు విప్పుత." గిదీ మొక్కు. ఆయన అడిగిండా? అడగలె. జుట్టిస్తమంటరు, పట్టు బట్ట పెడతమంటరు, నేనేమో మాట ఇస్త అన్న. నాకు గది మస్తు పెద్ద మొక్కు అనిపించింది.

సుజాతకు కడుపు నిలిచింది. నేను ఎగిరి గంతేసిన.

మా ఊళ్ళె ఆశా పని చేసే పద్మ ఉన్నది చూడు, నీకు మామిడికాయ పచ్చడి ఇచ్చి పంపింది మొన్న, గామె. వారం తిరగకముందే వాకిట్ల నిలబడ్డది. "ఏందత్తా, కోడలికి నెల తప్పిందట, నాకు చెప్పవా? మా దవాఖాన మందులు చేదైనయా?" అన్నది. నేను నవ్విన. పద్మకు మొదటిది అంతా తెలుసు గద, ఆమె ముందటనే అయింది. ఊరి దవాఖానకు తీస్కపోతే ఆమె ముందుగాల గదే రాయిస్తది. నా మొక్కు ఏం కావాలె? గందుకని, విను, ఇది బుద్ధిపూర్వకంగ చేసిన పని, గందుకని కొత్తగూడెంల ఒక ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోయిన. ఎవ్వరూ ఎరగని చోటుకు. పద్మతోని "మా కోడలికి పట్నం డాక్టరు కావాల్నట" అన్న. తప్పు సుజాత మీద వేసిన, గదీ చూడు.

నాగేశు ఒక్కసారి అన్నడు, "అమ్మా, డాక్టరుకు ముందటిది చెప్తే మంచిదేమో" అని. "ముడుపు కట్టిన" అన్న. ముడుపంటే ఇగ వాడు మాట్లాడలె.

ఆ డాక్టరమ్మ మంచిదే. పాపం, చిన్నపిల్ల, ఇప్పటి నీకన్న నాలుగేండ్లు పెద్దదుండెనేమో అప్పుడు. కార్డు తీసింది, పెన్ను పట్టింది. "ఎన్నో కాన్పమ్మా?" అన్నది. సుజాత నోరు తెరిచింది. నేను అందుకున్న. "తొలుసూరే అమ్మా" అన్న.

రాసుకున్నది. రాసుకొని మల్ల తలెత్తి సుజాతనే చూసుకుంట, "ఇంతకు ముందు అబార్షన్లు, నెల తక్కువ కాన్పులు, గిట్ల ఏమన్న అయినయా? దాచొద్దు" అన్నది. ఆమెకు ఏదో అనుమానం వచ్చింది కావచ్చు. సుజాత నా మొఖం చూసింది. నేను బల్ల కింద ఆమె చెయ్యి గట్టిగ పట్టుకున్న. "ఏం లేవమ్మా" అన్న. డాక్టరమ్మ మా చేతులు చూసి నవ్వింది. "మంచి అత్త దొరికింది నీకు" అన్నది సుజాతతోని. భయపడకుండ పట్టుకున్ననని అనుకున్నది బిడ్డా. నేను పట్టుకున్నది ఆమె నోరును.

ఏంది గట్ల చూస్తున్నవ్? చూడు. చూడాలె.

నెల నెల నేనే ఎంట పోయిన. ఊళ్ళోళ్ళు ఏమన్నరు? "అత్తంటే గట్లుండాలె, కోడలిని ఒక్క దినం ఒంటరిగ పంపదు" అన్నరు. ఒంటరిగ పంపితే చెప్తదేమోనని పోయిన. బీపీ చూసిన్రు, రక్తం చూసిన్రు, కడుపు మీద స్కానింగ్ చేసిన్రు. బిడ్డ బాగున్నదన్నరు. తొలుసూరోళ్ళకు ఏం చూడాల్నో అన్నీ చూసిన్రు. వాళ్ళ తప్పు ఇసుమంత లేదు.

అసలు ముచ్చట ఇప్పుడు వస్తది.

ఆరో నెల నిండొస్తున్నది. నేను బియ్యం చెరుగుతున్న. సుజాత వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డది. "అత్తమ్మా, కింద బరువుగ అనిపిస్తున్నది. మొదటిసారి లెక్కనే..." అన్నది.

నేను చాట కింద పెట్టిన. "ఆ మాట ఎత్తకు!" అన్న.

అర్థమైందా నీకు? ఆ పిల్లకు ఏమైతున్నదో చెప్పుకోవాలంటే ఆమె దగ్గరున్నది గా ఒక్క మాటే. మొదటిసారి లెక్కనే. ఇంకెట్ల చెప్తది? నొప్పి కాదది, నొప్పయితే నొప్పి అంటది. అప్పుడెట్ల మొదలయిందో ఇప్పుడు గట్లనే మొదలయింది. అది ఆమె ఒంటికే ఎరుక. గా మాటనే నేను మొక్కుల కట్టేసిన. సుజాత తల దించుకొని లోపలికి పోయింది. పోయి పండుకున్నది. నేను మల్ల చాట పట్టుకున్న. బియ్యంల మట్టిగడ్డలు ఏరిన, రామనామం చెప్పుకుంటనే ఏరిన.

నాలుగు దినాలు. నాలుగు దినాలు ఆ పిల్ల నాతోని ఏం చెప్పలె. ఐదో దినం నేను గుడికాడికి పోయిన యాళ్ళ చూసుకొని పద్మకు ఫోన్ చేసింది. నేనొచ్చే సరికి ఇంటి ముందట 108 బండి ఉన్నది. పద్మ సుజాతను పట్టుకొని ఎక్కిస్తున్నది. "పద్మా, ఏమైంది?" అన్న. పద్మ ఎప్పుడూ "అత్తా, అత్తా" అనేది, ఆ దినం అనలె. "నీళ్ళ లెక్క పోతున్నదట, ఎక్కు" అన్నది. గంతే.

ఖమ్మం పెద్ద దవాఖానకు తెచ్చిన్రు. బండిల నేను దండం పెట్టుకుంటనే ఉన్న, అయ్యా నీ మాట తప్పలె, నీ మాట తప్పలె అని. సిగ్గు లేకుండ.

దవాఖానల డాక్టరమ్మ, ఈమె పెద్దామె, తల నెరిసింది, కార్డు చూసింది. "మొదటి కాన్పేనా?" అన్నది. నేను పక్కనే నిలబడ్డ. నా నోరు తెరుచుకోలె ఈసారి, అవ్ అనడానికి గాని కాదనడానికి గాని. సుజాత బల్ల మీద పండుకొని ఉన్నది, రెండు చేతులతోని ఇనుప కడ్డీ పట్టుకున్నది. "కాదు మేడం" అన్నది. అందరికీ వినబడేటట్టు అన్నది. "రెండోది. మొదటోడు ఏడో నెలల పుట్టిండు. నాలుగు దినాలున్నడు."

ఉన్నడు అన్నది బిడ్డా. పోయిండనలె.

డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుంటున్నదల్లా ఆగింది. "మరి కార్డుల ఎందుకు రాయించుకోలె? ఎంత అన్యాయం చేసుకున్నవ్! ముందే చెప్తే మూడో నెల నుంచే నిన్ను వేరేగ చూసేటోళ్ళం. రెండు వారాలకొకసారి లోపలి నుంచి స్కాన్ చేసి గర్భసంచి మూతి పొడుగెంతున్నదో కొలిచేటోళ్ళం. అది కురచ అయితుంటే కుట్టు వేసేటోళ్ళం, మందులు పెట్టేటోళ్ళం. తప్పక ఆగేదని నేను చెప్పలేను, గాని కాపలా ఉండేటోళ్ళం. ఇప్పుడు మూతి తెరుచుకున్నంక కుట్టెట్ల వెయ్యాలె? చదువుకున్న పిల్లవు, ఎందుకు దాచినవ్?" అని గట్టిగనే కోప్పడ్డది.

సుజాత నా దిక్కు చూడను కూడ చూడలె. "నేనే చెప్పలె మేడం" అన్నది.

నేను అక్కడనే ఉన్న. మూడడుగుల దూరంల. అప్పుడన్న "కాదమ్మా, నేను చెప్పనియ్యలె, నన్ను తిట్టు" అనాలె గద? అనలె. నా కోడలు నా తప్పు మీదేసుకొని తిట్లు పడుతుంటే, నొప్పులు పడుకుంట తిట్లు పడుతుంటే, నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డ. మొక్కు కోసం కాదు స్వప్నా. అప్పటికే మొక్కు పోయింది, మాట బయట పడ్డది. పరువు కోసం. నలుగురు నర్సులు చూస్తున్నరని. మొదటి అబద్ధం దేవుని పేరు మీద ఆడిన, దానికి ఏదో ఒక సాకున్నది. ఈ మౌనానికి ఏ సాకు లేదు. తలకొట్టేసినట్టయింది, అయినా తల అక్కడనే ఉన్నది, నోరు అక్కడనే ఉన్నది, మాట రాలె.

నా కన్నీళ్ళు తుడువకు, నాకేం అక్కర లేదు. గీ గోంగూరల పూతున్న రెమ్మలు పక్కకు వెయ్యి, చేదొస్తయి.

బిడ్డ ఊపిరికని సుజాతకు ఇంజెక్షన్లు ఇచ్చిన్రు. రెండు దినాలు ఆపగలిగిన్రు, అదే దేవుడు చేసిన మేలన్నరు. వైదేహి పుట్టింది. కిలో తూగలె. అద్దాల పెట్టెల పెట్టిన్రు. ముక్కుకు గొట్టం, నోటికి గొట్టం. ఎదురుగ నిలబడి చూస్తే, పక్కటెముకలు లోపలికి పోవుడు, బయటికి వచ్చుడు, తడిసిన కోడిపిల్ల లెక్క.

కొన్ని దినాలకు నర్సమ్మ వచ్చి, "తల్లికి జ్వరముంది, బిడ్డను ఒంటికి ఒళ్ళు తాకేటట్టు రొమ్ము మీద పెట్టుకోవాలె, ఇంటోళ్ళు ఎవరన్న ఉన్నరా" అన్నది. నేను ఉన్న అన్న. రవికె విప్పించి, బిడ్డను నా ఎదల పెట్టి గుడ్డతోని కట్టింది. "గట్టిగ ఊపిరి తీస్కోకు పెద్దమ్మా, మెల్లగ" అన్నది. ఆ కాగితమంత పిల్ల. దాని గుండె నా గుండె మీద కొట్టుకుంటున్నది, ఎంత జల్దీ జల్దీ! నేను కూసున్న. రామనామం ఎత్తుకుందామని నోరు తెరిచిన. రాలె బిడ్డా. అరవై దాటిన దాన్ని, నిద్రల కూడ వచ్చే నామం, రాలె. "తప్పయింది తల్లీ" అన్న. పొద్దటి నుంచి మాపటి దాకా గదే అన్న, దాని నెత్తి మీద.

బతికింది. రెండు నెలలు దవాఖానల ఉండి ఇంటికొచ్చింది. కండ్ల డాక్టరు చూసి, నెలలు తక్కువ పుట్టిన పిల్లలకు కంటి వెనక నరాలు సరిగ ఎదగవన్నడు. లేజర్ పెట్టిండు. చూపు మిగిలింది, గాని అద్దాలు. ఇప్పుడు ఏడేండ్లు. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతది. బడిల పిల్లలు వెక్కిరిస్తే వచ్చి నా ఒళ్ళె కూసుంటది. పోయిన నెల అడిగింది, "నాయినమ్మా, నా కండ్లెందుకు గిట్లయినయ్?" అని. నేనేం చెప్పిన్నో చెప్పనా? "రామయ్య ఇచ్చిండు తల్లీ" అన్న.

రామయ్య ఇచ్చిండట. నేను చేసింది ఆయన నెత్తిన వేసిన. లోపలింట్ల సుజాత చపాతీలు చేస్తున్నది, వినబడ్డది ఆమెకు. కర్ర చప్పుడు ఆగింది. మల్ల మొదలయింది. ఏడేండ్లల్ల ఆ పిల్ల నన్ను ఒక్క మాటంటే ఒక్క మాట అనలె. అన్నా బాగుండు. అన్నం పెడతది, "అత్తమ్మా, మందులేసుకున్నరా" అంటది. ఏమీ అనని మనిషి ముందట తినే అన్నం ఎట్లుంటదో నీకు తెల్వదు, తెల్వకూడదు.

ఆ ముడుపు ఇంకా దేవుని గూట్లనే ఉన్నది. భద్రాచలం పోలె. ఏ మొఖంతోని పోవాలె?

"మరి సుజాత అత్తమ్మది మన రక్తం కాదు గద అమ్మమ్మా, మేడం అడిగింది..."

అవ్. తెలుసు. నువ్వడుగుతవని తెలుసు. సుజాత వేరే ఇంటి పిల్ల, నీ కాయితంల ఆమెది అక్కరకు రాదు. ఆమె ముచ్చట ఎందుకు చెప్పిన్నంటే... అసలుది చెప్పడానికి తోవ చేసుకుంటున్న.

ఆగు. ఈ కాడ ఒలవనీ.

నాకు పిల్లలెంతమంది? ముగ్గురంటవ్. మీ అమ్మ పెద్దది, నడిపోడు, నాగేశు. పెండ్లిళ్ళల్ల గట్లనే రాసిన్రు. మీ అమ్మ పెద్దది కాదు స్వప్నా. మీ అమ్మ కన్న ముందు నాకొక ఆడపిల్ల. ఏడో నెల. పోయినేడు నీ తొలుసూరుకు ఎట్లయిందో గట్లనే, ముందుగాల నడుము, తర్వాత నీళ్ళు. వాన కాలం, వాగు నిండుగ పారుతున్నది, దాటేతందుకు లేదు. మంత్రసానే చూసింది. పత్తిల చుట్టి కుంపటి పక్కన పెట్టిన్రు. పొద్దుగూకే దాక ఉన్నది. నన్ను చూసిందో లేదో! మా అత్త మల్లెపూలు తెచ్చి కట్టింది. కట్టి, "ఇగ ఈ మాట నోట ఎత్తకు, లెక్కల రాదు" అన్నది. యాభై ఏండ్లయింది. నేను ఎత్తలె. మీ తాతకు చెప్పుకొని ఏడ్వలె, మీ అమ్మకు చెప్పలె. మీ అమ్మ నిన్ను మోసినప్పుడు చెప్పలె. పోయినేడు నీది పోయి, నువ్వు గోడ దిక్కు మల్లుకొని పండుకుంటే, నీ కాళ్ళ కాడ కూసున్న గద నేను మూడు దినాలు? అప్పుడు కూడ చెప్పలె. "నాకు కూడ గిట్లనే అయింది బిడ్డా" అంటే నీకు కొంచెం ఊపిరి ఆడేదేమో. గదొక్కటి నా దగ్గరుండె నీకిచ్చేతందుకు, ఇయ్యలె.

మా అత్త నా నోరు కట్టింది, నేను సుజాత నోరు కట్టిన. మొన్న ఫోన్ల నీది కూడ కట్టిన్నే, నీ కడుపుల బిడ్డను పెట్టుకొని నువ్వు అడుగుతుంటే.

అమ్మమ్మకు కావడం వల్లనే నీకయిందా, అది నాకు తెల్వదు. అది డాక్టరమ్మ చూసుకుంటది, నువ్వు మనసుల పెట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు చెప్పుడే మన పని. మీ అత్తకు, నీ మొగని తల్లికి, కూడ చెప్పు. పోయినేటిది దాయమని అంటున్నదట గద, దిష్టి తాకుతదని? ఆమె మీద కోపం చేసుకోకు. ఆమె చెడ్డది కాదు, నా లెక్క మనిషి. నేను మాట్లాడుత ఆమెతోని. నా మొఖం చూస్తే ఆమెకు అర్థమైతది.

రేపు నేను కూడ వస్త. నీ చెయ్యి పట్టుకోను, భయపడకు. కుర్చీల ఎనకకు కూసుంట. డాక్టరమ్మ ఏదడిగితే అది నీ నోటితోనే చెప్పు. లోపలి స్కానింగంటే సిగ్గు పడకు. కుట్టు వెయ్యాలంటే వేయించుకో, మాత్రలంటే మాత్రలు. కింద బరువనిపించినా, నడుం కొంచెం గుంజినా, "మొదటిసారి లెక్కనే ఉన్నది" అని గట్టిగ చెప్పు, పక్కింటికి వినబడేటట్టు చెప్పు. పొద్దు లేదు మాపు లేదు, ఎవరి మొఖం చూడొద్దు.

నీకోసం ముడుపు కట్టలె బిడ్డా. ఈసారి ఏ మొక్కూ మొక్కలె. ఉత్తగ దండం పెట్టుకున్న, గంతే. ఇంటికి పోయినంక వైదేహిని కూసోబెట్టుకొని దానికో అన్న ఉండెనని చెప్త. సుజాత ముందటనే చెప్త. కండ్ల ముచ్చట కూడ... చెప్త. గది చెప్పినంకనే ఆ ముడుపు తీస్కొని భద్రాచలం పోత.

ఇగో, ఆకు అయిపోయింది. కాయితం ఏది? ఉన్నదా నీ దగ్గర? రాసుకో ఇప్పుడే, రేపటికి మర్చిపోతవ్. అమ్మమ్మకు కాన్పులెన్ని అంటే మూడు అని రాయకు. నాలుగు. పెద్దది ఆడపిల్ల, ఏడో నెల, పొద్దుగూకే దాక ఉన్నది. ఉన్నది అని రాయి.

రాసినవా? సల్లగుండు తల్లీ. నిండు నెలలు మోసి, నిండు చేతులతోని ఇంటికి రా. రామయ్య చల్లగ చూస్తడు... ఆయన చూస్తడు గాని, నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు చెప్పు.